కుమ్మరిపేట ట్యాంకుకి పచ్చరంగు

మా నీటి సరఫరా కార్యాలయంలో పచ్చ సిరా గెజిటెడ్ అధికారులది. ఎర్ర సిరా కార్యాలయాధిపతి అయిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈ.ఈ. గారిది. నీలం, నలుపు మిగిలిన సిబ్బందివి. నాలాంటి కాంట్రాక్టు వాళ్లకి సిరాతో పని లేదు, వేలిముద్ర యంత్రం మీద వేలు పెడితే చాలు. ఆ యంత్రం కూడా పొద్దున్నపూట నన్ను గుర్తుపట్టదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదు గానీ, దాని బలం మాత్రం అందరికీ తెలుసు. ఒకసారి ఒక గుమాస్తా చేతికందిన పచ్చ పెన్నుతో సెలవు చీటీ రాసుకున్నాడు. పచ్చగా ఉంది కాబట్టి సెలవు మంజూరైపోయింది. ఎవరు మంజూరు చేశారో తేలకపోవడం వల్ల రద్దు చేసేవాళ్లు లేరు. ఆయన ఇప్పటికీ సెలవులోనే ఉన్నాడు.

నా పేరు శ్రీపతి. ఆఫీసులో అందరూ కంప్యూటరు బాబు అంటారు. ఊళ్లోని ట్యాంకుల్లో నీళ్లు ఎంతెంత ఉన్నాయో తెలుసుకుని తెర మీద వరసగా రాసే ప్రోగ్రాము నాది. బొమ్మలుండవు, బటన్లుండవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. పేట పేరు, పక్కన నీటి మట్టం, అంతే. ఏటి ఒడ్డున పంపుహౌసులో గాబ్రియేలు అనే ఆపరేటరు అదే తెర చూసి, ఏ పేట ట్యాంకు ఖాళీ అయితే ఆ పేట వాల్వు తిప్పుతాడు.

చిక్కల్లా ఏమిటంటే, నిండిన ట్యాంకూ ఖాళీ ట్యాంకూ ఒకే తెల్ల అక్షరాల్లో ఒకే వరసలో ఉండేవి. అన్నిటికన్నా అడుగున కుమ్మరిపేట, ఎందుకంటే గొట్టం అక్కడితో ఆఖరు. చూపు అక్కడిదాకా దిగేసరికి గాబ్రియేలుకి టీ వేళ అయ్యేది.

ఆ కుమ్మరిపేటలోనే బంగారమ్మ గారి టిఫిన్ హోటలుంది. రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఒక పొయ్యి. ఊళ్లో అంత మెత్తటి ఇడ్లీ ఇంకెక్కడా దొరకదు. నా టిఫినూ అక్కడే, ఈ.ఈ. సర్వేశ్వర్రావు గారి టిఫినూ అక్కడే. ఒకరోజు నేను వెళ్లేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది.

"నీళ్లు లేవండి బాబు గారూ. రుబ్బిన పిండి రుబ్బినట్టే ఉండిపోనాదండి" అన్నారు బంగారమ్మ గారు. "ఇలాగే ఇంకో నాల్రోజులయితే కొట్టు కట్టేసుకోవడవేనండి. మీ కంప్యూటరు మా పేట సంగతి చెప్పదాండి?"

"చెబుతోందండీ. ఎవరికీ కనబడటం లేదు."

"కనబడేలా చెప్పమనండి మరి."

ఖాళీ కడుపుతో విన్నాను కాబట్టి ఆ మాట బాగా పనిచేసింది.

ప్రోగ్రాములు రాసేవాళ్లలో ఒక మంచి అలవాటుంది. తమకి పనికొచ్చిన పనిముట్లని ఒక కట్టగా కట్టి, కావలసినవాళ్లు వాడుకోండని ఉచితంగా వదిలేస్తారు. ఆ కట్టని లైబ్రరీ అంటారు. నల్ల తెర మీది అక్షరాలకి రంగులద్దే లైబ్రరీ ఒకటి నాకు దొరికింది. దాని మొదటి పేజీలో ఉపోద్ఘాతం లేదు. ముందు నన్ను నీ కంప్యూటర్లోకి దించుకో, నీ ప్రోగ్రాము మొదట్లో ఒక్క వాక్యంతో నన్ను పిలువు, ఆ తర్వాత ఏ మాటకి ఏ రంగు కావాలో చెప్పు, అంది. ‘నమస్కారం’ అనే మాటకి ఎరుపు కావాలన్నాను. ఎర్రగా వచ్చింది. లావుగా అన్నాను, లావైంది. కింద గీత అన్నాను, గీత పడింది. మిణుకుమిణుకుమనాలన్నాను, అలాగే అంది. మా ఆఫీసులో అడిగిన పని అడిగినట్టు జరగడం నేను చూడటం అదే మొదలు. తలుపు దగ్గరగా వేసుకుని, చాలాసేపు రకరకాల రంగుల్లో నమస్కారాలు పెట్టించుకుంటూ కూర్చున్నాను.

తర్వాత బుద్ధిగా రెండే నియమాలు రాశాను. ఖాళీ అయితే ఎరుపు, నిండితే పచ్చ. మర్నాడు తెర అడుగున ‘కుమ్మరిపేట: నీళ్లు లేవు’ అని ఎర్రగా వెలిగింది. గాబ్రియేలు వాల్వు తిప్పాడు. బంగారమ్మ గారు నేనడక్కుండానే ఇంకో ఇడ్లీ వేశారు. అక్కడితో ఈ కథ అయిపోవాలి. మాది ఆఫీసు కాకపోతే అయిపోయేది కూడా.

రెండ్రోజుల తర్వాత సూపరింటెండెంటు అనసూయాదేవి గారు ఏదో పనిమీద నా గదిలోకి వచ్చి తెర ముందు ఆగిపోయారు. ఆవిడ సర్వీసంతా ఫైళ్ల మధ్యే గడిచింది. మంచినీళ్లు అడిగినా ఫైలు మీద రాసినట్టే అడుగుతారు.

"పై విషయమై, ఈ వడ్లపాలెం ట్యాంకు ఏ హోదాలో పచ్చరంగు వినియోగిస్తోంది?"

"అది నిండిందండీ మేడమ్."

"నిండుట అర్హత కాదు. గెజిటెడా, కాదా?"

"ట్యాంకండీ."

"అనగా నాన్ గెజిటెడ్" అని ఆవిడ నిర్ధారించుకున్నారు. చూపు కిందికి దించారు. "ఎరుపులో ఉన్నదేమి?"

"కుమ్మరిపేటలో మళ్లీ నీళ్లు లేవని."

ఆవిడ కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడి, ఆ వాక్యాన్ని మళ్లీ చదివారు. "ఈ ఉత్తర్వు ఎప్పుడు వెలువడింది?" అని అడిగారు.

ఉత్తర్వు కాదు, సమాచారం అని నేను చెప్పేలోపే ఆవిడ వెళ్లిపోయారు. మధ్యాహ్నానికల్లా పంపుహౌసుకి మెమో చేరింది. "కార్యాలయాధిపతి వారు ఎర్ర అక్షరములలో కుమ్మరిపేటకు నీళ్లు లేవని ఆదేశించియున్నందున, సదరు ఆదేశమును తక్షణమే అమలుపరచి నివేదించవలెను." గాబ్రియేలు నాకు ఫోన్ చేశాడు.

"ఏట్లో నీళ్లున్నాయండి. ఆఫీసోళ్లేమో లేవంటన్నారండి. సంతకం కూడా ఉందండి మరి. వాల్వు కట్టేశానండి."

నేను ఈ.ఈ. గారి గదికి పరుగెత్తాను. సర్వేశ్వర్రావు గారు మంచివారు. ఎవర్నీ నొప్పించరు, ముఖ్యంగా ఫైళ్లని.

"సార్, అలాంటి ఆర్డరు మీరు ఇవ్వలేదు కదా?"

"ఇచ్చినట్టు గుర్తులేదయ్యా. కానీ ఎరుపులో ఉందంటున్నారు. ఎరుపులో ఉన్నదాన్ని నేనివ్వలేదన్నాననుకో, ఇన్నాళ్లూ ఎరుపులో వచ్చినవన్నీ మీరే ఇచ్చారా అని నన్నడగరూ?"

"నీళ్లు లేకపోతే బంగారమ్మ గారు ఇడ్లీ వెయ్యరు సార్."

ఆయన మొహంలో నిజమైన బాధ కనిపించింది. కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు.

"కమిటీ వేద్దాం" అన్నారు.

కమిటీ కూర్చుంది. ఎర్ర వాక్యాన్ని తెర నుంచి తొలగిస్తే ఆదేశం కూడా తొలగినట్టేనని మొదటి సమావేశంలోనే తేల్చి, వాల్వు విప్పుకోవచ్చని అనుమతి ఇచ్చింది. నేను దణ్ణం పెట్టబోయాను. అంతలో రెండో సమావేశం పెట్టింది. తెర మీద రంగులు వస్తాయని ఆఫీసులో అందరికీ అప్పటికే తెలిసిపోయింది. ఇక రంగులు రావడం కాదు, ఎవరికి రావాలన్నదే చర్చ. ట్యాంకుల పైన ఆఫీసు వాళ్ల పేర్లు కూడా తెరకెక్కాలని తీర్మానించారు.

ఎరుపు, లావు అక్షరాలు ఈ.ఈ. గారి పేరుకి. పచ్చ గెజిటెడ్ అధికారుల పేర్లకి. నీలం సీనియర్ సిబ్బందికి, ఊదా అకౌంట్సు వాళ్లకి. కింద గీత అనసూయాదేవి గారు తనకి ఉంచుకున్నారు. మిణుకుమిణుకు కోసం ఉద్యోగ సంఘం వాళ్లు మెట్ల మీద కూర్చుని, సీనియారిటీ ప్రకారం వంతులేసి ఇవ్వాలని నినాదాలిచ్చారు. చివరికి అది రాజధానిలో ఉన్న చీఫ్ ఇంజనీరు గారికే కేటాయించాక శాంతించారు, తమకి రాకపోయినా పక్కవాడికీ రాలేదు కాబట్టి. తెలుపు కాగితం రంగు కనుక రాతకి పనికిరాదన్నారు. ట్యాంకులకి నలుపు మిగిలింది.

"మేడమ్, తెర నల్లగా ఉంటుందండీ" అన్నాను.

"నలుపు నాన్ గెజిటెడ్ వర్గాలకు ఆమోదిత వర్ణం. ఇన్నేళ్లుగా ఫైళ్లలో స్పష్టంగా కనిపిస్తోంది."

"అది తెల్లకాగితమండీ. నలుపు మీద నలుపు రాస్తే కనబడదండీ."

"తెర రంగు కొనుగోళ్ల విభాగం పరిధిలోనిది. తగు చర్య నిమిత్తం వారికి రాసుకోండి."

నా కాంట్రాక్టు పొడిగింపు ఫైలు అప్పుడు ఆవిడ టేబుల్ మీదే, పేపర్‌వెయిటు కింద ఉంది. నేను వెళ్లి ‘ట్యాంకులు: నలుపు’ అని రాశాను. లైబ్రరీ ఎప్పట్లాగే చెప్పిన పని చెప్పినట్టు చేసింది. దాని మీద కోపం రాలేదు గానీ, నా మీద నాకు వచ్చింది.

తెర మాత్రం పెళ్లి పందిరిలా తయారైంది. ఎర్రగా ఈ.ఈ. గారు, పచ్చగా పెద్దలు, నీలంగా చిన్నవాళ్లు. ట్యాంకులు కూడా ఉన్నాయి, వాటి చోట్లో అవి. గాబ్రియేలు అంచనా మీద వాల్వులు తిప్పడం మొదలెట్టాడు. అంచనాకి కూడా కుమ్మరిపేట ఆఖర్నే వచ్చేది. బంగారమ్మ గారు రోజు విడిచి రోజు పొయ్యి వెలిగించేవారు.

ఇలా ఉండగా చీఫ్ ఇంజనీరు గారు తనిఖీకి వచ్చారు. తెర మీద అందరికన్నా పైన తన పేరు మిణుకుమిణుకుమంటుంటే చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు.

"బాగుంది. మిగతా డివిజన్లలో ఎక్కడ చూసినా ఫిర్యాదులే. ఇక్కడ ఒక్కటీ కనబడటం లేదు."

"కనబడకుండా తగు చర్యలు చేపట్టడమైనది సార్" అన్నారు అనసూయాదేవి గారు.

ఆయన బస కుమ్మరిపేట గెస్ట్‌హౌసులో. స్నానానికి వెళ్లారు. ఒంటినిండా, మొహంనిండా సబ్బు రాసుకున్నాక కుళాయి దగ్గి ఆగిపోయింది. లోపల్నుంచి ‘నీళ్లు’ అని కేక వినిపించింది. ఈ.ఈ. గారు, అనసూయాదేవి గారు, నేను బాత్‌రూము తలుపు బయట హోదా ప్రకారం నిలబడ్డాం. ఈ.ఈ. గారు తలుపుకేసి "పరిశీలిస్తున్నాం సార్" అని, నాకేసి తిరిగి, చిన్న గొంతుతో, "బంగారమ్మ దగ్గర ఏమైనా ఉంటాయేమో చూడవయ్యా" అన్నారు.

ఆవిడ దగ్గర ఒకే ఒక్క బిందె ఉంది.

"రేపటికి పప్పు నానబోసుకుందావని దాచానండి. ఇది ఇచ్చేత్తే రేపు కొట్టు లేదండి" అన్నారు. నేను వెనక్కి తిరగబోయాను. ఆవిడే మళ్లీ, "కళ్లల్లో సబ్బెట్టుకుని మడిసి నిలబడుంటే ఎలా ఊరుకుంటావండి? పట్టుకెళ్లండి" అని బిందె నా భుజానికెత్తారు. దారిపొడుగునా ఒక్క చుక్క ఒలకకుండా నడిచాను.

చీఫ్ గారు తువ్వాలుతో బయటికొచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కార్యాలయాధిపతి కాకపోయినా.

"ఈ ట్యాంకు ఖాళీ అని ఆ తెర ఎందుకు చూపించలేదు?"

"చూపించిందండీ. నలుపులో" అన్నాను. ఇంక దాచేదేముందని పచ్చరంగు దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాను. ఆయన శ్రద్ధగా విన్నారు. ఇన్నాళ్లకి వినేవాడు దొరికాడనుకున్నాను.

"నియమాన్ని ముట్టుకోవద్దు" అన్నారు చివరికి. "ట్యాంకుకి పచ్చ ఇస్తే రేపు మోటార్లు అడుగుతాయి. ట్యాంకుకి అర్హత లేదనే కదా మీ అభ్యంతరం? అర్హత కల్పించండి. గెజిటెడ్ చెయ్యండి."

కుమ్మరిపేట ట్యాంకు డిప్యూటీ ఇంజనీరు అయింది. స్తంభానికి పేరు బోర్డు కట్టారు, దండ వేశారు. ఈ.ఈ. గారు మాట్లాడుతూ, అందరికన్నా ఎత్తులో ఉండి కూడా ఇంత నిరాడంబరంగా, ఇన్నేళ్లలో ఒక్క సెలవు పెట్టకుండా పనిచేసిన సహోద్యోగిని తాను చూడలేదన్నారు. కడిగే రోజుని ఆకస్మిక సెలవుగా, బ్లీచింగు పౌడరుని వైద్య ఖర్చుగా పరిగణించాలని నిర్ణయించారు. నేను ఆఫీసుకి వెళ్తూ దాని ముందు సైకిలు దిగి నడవాలని కూడా చెప్పారు.

ఇంత పిచ్చిలోనూ నీళ్లు మాత్రం వచ్చాయి. కుమ్మరిపేట ఇప్పుడు తెర మీద పచ్చగా, లావుగా, రెండో వరసలో ఉంది. ఒక గెజిటెడ్ అధికారి ఖాళీగా ఉన్నారని పదిమందికీ కనబడితే బాగుండదని, మట్టం కాస్త తగ్గగానే ఆఫీసు మొత్తం గాబ్రియేలుకి ఫోన్లు చేసేది. బంగారమ్మ గారు గారెలు కూడా మొదలెట్టారు.

"మీ ట్యాంకుకి పర్మనెంటు ఉద్యోగం వచ్చిందండీ" అన్నాను.

"మంచిదేనండి. మీకెప్పుడొత్తాదండి?"

నేను ఇంకో గారె అడిగాను.

గెజిటెడ్ అన్నాక బదిలీ తప్పదు. ఎండలు ముదిరే వేళకి ఉత్తర్వు వచ్చింది. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా కుమ్మరిపేట ట్యాంకు వారిని పొరుగు డివిజనుకి బదిలీ చేశారు.

"సిమెంటు ట్యాంకు ఎలా వెళ్తుందండీ మేడమ్?"

"భౌతికంగా వెళ్లనవసరం లేదు. చాలామంది అధికారులు వెళ్లరు. తెర మీది వరస వెళ్తే చేరినట్టే" అన్నారు అనసూయాదేవి గారు.

వరస వెళ్లింది. నేనే పంపాను. పొరుగూరి పంపుహౌసు తెర మీద కుమ్మరిపేట ఖాళీ అని పచ్చగా, లావుగా కనబడసాగింది. అక్కడి ఆపరేటరు రోజూ చదివి, కొత్తగా వచ్చినాయనకి పాపం నీళ్లు పడినట్టు లేవని బాధపడేవాడట. వాల్వేమో గాబ్రియేలు దగ్గరుంది. గాబ్రియేలు తెర మీద కుమ్మరిపేట ఇప్పుడు నలుపులో కూడా లేదు.

పొయ్యి మళ్లీ ఆరిపోయింది. ఈసారి బంగారమ్మ గారు నన్నేమీ అడగలేదు. బల్ల తుడుస్తూ నా వైపు చూడకుండా ఊరుకున్నారు. ఇడ్లీ లేకపోవడం కన్నా అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

మర్నాడు ఆవిడ పెట్టె తెరిచి ఒక ఎర్ర చీర తీశారు. మోకాళ్ల నొప్పులతో, మధ్యమధ్య కూర్చుంటూ, డిప్యూటీ ఇంజనీరు గారి మెట్లన్నీ ఎక్కి, పైన కటకటాలకి ఆ చీర కట్టారు. ఏటి ఒడ్డున గాబ్రియేలు టీ తాగుతూ తలెత్తి చూశాడు. గ్లాసు కింద పెట్టి వెళ్లి వాల్వు తిప్పాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

మూడో రోజుకి మెమో తయారైంది. చేరవెయ్యడానికి నన్నే పంపారు. "శ్రీమతి బంగారమ్మ, హోదా తెలియరాలేదు. కార్యాలయాధిపతి వారికి ప్రత్యేకించబడిన ఎరుపు వర్ణమును అనుమతి లేకుండా గగనతలమున వినియోగించుటపై సంజాయిషీ ఇవ్వవలెను." నేను తలొంచుకుని చదివి వినిపించాను.

"ఈ చీర నా పెళ్లినాటిదండి. అప్పటికి మీ ఈ.ఈ. గారు నిక్కర్లేసుకు తిరుగుతుండుంటారు" అన్నారావిడ. పొయ్యి మీద ఇడ్లీ పాత్ర ఆవిరి కక్కుతోంది. "ఆయన్ని టిపినుకి రమ్మనండి. తిన్నాక తీసెయ్యమంటే తీసేత్తాను."

సర్వేశ్వర్రావు గారు వచ్చారు. అనసూయాదేవి గారు ఫైలు పట్టుకుని పక్కన నిలబడ్డారు. ఆయన మొదటి ఇడ్లీ తిన్నారు. రెండోది తింటూ తలెత్తి, ట్యాంకు మీద గాలికి రెపరెపలాడుతున్న చీర వైపు చూశారు.

"అది తీసేస్తే?"

"నీళ్లు రావండి" అన్నారు బంగారమ్మ గారు.

"నీళ్లు రాకపోతే?"

"ఇదే ఆఖరి వాయండి."

ఆయన ఇంకొంచెం చట్నీ వేయించుకున్నారు. తిని, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఫైలు అందుకుని, జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. "పై చీర నా తరఫున ఎగురుచున్నది. కొనసాగించవచ్చును" అని రాసి సంతకం పెట్టారు. ఆయన సొంతంగా ఇచ్చిన ఆర్డరు నేను చూసింది అదొక్కటే. అనసూయాదేవి గారు సిరా ఆరేదాకా ఫైలు తెరిచే పట్టుకున్నారు.

అప్పట్నుంచి ట్యాంకు ఖాళీ అయితే ఎర్ర చీర ఎగురుతుంది, నిండితే పచ్చ చీర. నేను మొదట రాసిన రెండు నియమాలూ అవే, లైబ్రరీ మారిందంతే. పొయ్యి రోజూ వెలుగుతోంది.

పచ్చ చీరకి మాత్రం ఎవరి అనుమతీ లేదు. అది మొదటిసారి ఎగిరిన రోజు నేను బల్ల దగ్గర ఇడ్లీ తింటున్నాను. రోడ్డు మీద అనసూయాదేవి గారి ఆటో వచ్చి ట్యాంకు ఎదురుగా ఆగింది. ఇంకో మెమో రాబోతోందనుకున్నాను. ఆవిడ ఆటో దిగి, తలెత్తి, అంత ఎత్తున పచ్చగా ఎగురుతున్నదాన్ని కాసేపు చూశారు. కొంగు సర్దుకున్నారు. రెండు చేతులూ జోడించి చీరకి నమస్కారం పెట్టి, మళ్లీ ఆటో ఎక్కి ఆఫీసుకి వెళ్లిపోయారు.